వంతు గోడ మీద మా అమ్మ పేరు

1

ఇవాళ వంతు గోడ మీద నుంచి మా అమ్మ పేరున్న రేకు తీసేశారు.

పొద్దుటి సైరన్ మోగాక అమ్మ ఎప్పటిలాగే గాలిచక్రం దగ్గరికి వెళ్లింది. నేను గుమ్మానికి కట్టే తడిపరదాలు పిండి మళ్లీ కడుతున్నాను. రెండో పరదా కట్టకముందే అమ్మ తిరిగి వచ్చింది. ఒంటి మీద చెమట లేదు. చక్రం దగ్గర నుంచి వచ్చిన అమ్మను చెమట లేకుండా నేనెప్పుడూ చూడలేదు.

"గోడకు నా రేకు లేదే" అంది.

"కింద పడ్డదేమో చూసినవా?"

"చక్రం సర్దార్ చేతుల ఉన్నది. ఏడాది దాంక రావద్దన్నడు. పైనుంచి కాగితం వచ్చిందట. ఎందుకని అడిగితే ఆయనకు గూడ తెల్వదట." కొంగులో నుంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు చదువు."

చదివాను. మూడో నంబర్ బావి, ఆరో గ్యాలరీలో ఉండే రాజవ్వ పేరును గాలి వంతు జాబితా నుంచి ఏడాది పాటు తీసేయాలి. ఇది విద్యార్థి రక్షణ విభాగం ఆదేశం. విద్యార్థి క్షేమం కోసం కారణం బయటపెట్టడం లేదు. అంతే.

"ఎందుకని రాసిన్రు?"

"రాయలేదమ్మా."

అది నిజమే. కాగితంలో కారణం లేదు. నాకు మాత్రం తెలుసు.

ఈ పుస్తకం ఎవరికీ పంపేది కాదు. పుట్టగొడుగుల సంచుల కాగితం కత్తిరించి కుట్టుకున్నాను. పంపే పుస్తకం వేరే ఉంది, దానికి నీలం అట్ట. జరిగిందంతా ఆ నీలం పుస్తకం వల్లనే. కాదు, నా వల్ల. మొదటి పేజీలోనే తప్పు మరొకదాని మీదికి తోయకూడదు.

2

మాకు తొమ్మిదో తరగతిలోనే కాలేజీ వెతుకులాట మొదలవుతుంది. ఆలస్యం చేస్తే సీట్లు మిగలవు. ప్రతి మంగళవారం చివరి గంటకు బడిలో ఉన్న ఒక్క తెర ముందు పద్దెనిమిది మందిమి కూర్చుంటాం. సుగుణ టీచర్ ఒక్కో కాలేజీ గురించి పైకి చదువుతుంది. మొత్తం పదకొండు, అన్నీ చల్లకొండల మీదే ఉన్నాయి. అక్కడ మనుషులు పగలు కూడా నేల మీద నడుస్తారట.

మొదటి మంగళవారమే నాకు కావాల్సింది దొరికింది. యంత్రాల కాలేజీ. మూడో ఏడు గాలి మోటార్లు బిగించడం నేర్పుతారు.

తాతలు బొగ్గు తవ్విన సొరంగాల్లో మేం కాపురముంటున్నాం. మా బావి మోటారు నేను పుట్టకముందే కాలిపోయింది. పైన ఎండపలకల నుంచి వచ్చే కరెంటు నీళ్లు తోడడానికే చాలదు. ఇరవై నాలుగు మంది వరసగా కూర్చుని పెడళ్లు తొక్కితేనే గాలి కిందికి దిగుతుంది. పద్నాలుగేళ్లు నిండిన ప్రతి మనిషికీ రోజుకు గంట వంతు ఉంటుంది. ఆ పేరు రేకు మీద కొట్టి గోడకు తగిలిస్తారు. పెళ్లికైనా దినానికైనా మొదటి బంతిలో రేకు ఉన్నవాళ్లే కూర్చుంటారు. లేనివాళ్లను ఉత్తగాలోళ్లు అంటారు, తొక్కకుండా ఊరికే గాలి పీల్చేవాళ్లని. ఆ మాట పడలేక ముసలివాళ్లు కూడా కాళ్లు లేవకపోతే చేతులతో తిప్పుతామని వస్తారు.

నాకు పద్నాలుగు నిండిన రోజు నా రేకు గోడకెక్కింది. మర్నాటి నుంచి నా వంతు కూడా అమ్మే తొక్కింది. దాన్ని మారు వంతు అంటారు, ఎవరూ తప్పు పట్టరు.

"నీ కాళ్లు చదువుకు దాచుకో" అంది ఆ రోజు.

"కాళ్లతోటి చదువుతరా అమ్మా?"

"గంట సేపు కదలకుంట కూసునెతందుకు గూడ కాళ్లల్ల సత్తువ గావాలె."

రోజుకు రెండు గంటలు, ఏడాదిన్నర. పదహారేళ్లుగా తన వంతు ఎలాగూ ఉంది. నాన్న పైన పలకలు తుడుస్తూ ఎండదెబ్బకు పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఇంట్లో ఇక పెద్ద ఆమె ఒక్కతే. బడికి వెళ్లింది నేనొక్కదాన్నే.

3

నీలం పుస్తకం సంగతి రాస్తాను.

కాలేజీ కావాలంటే తొమ్మిది నుంచే రోజూ అందులో రాయాలి. పదిహేను రోజులకోసారి ఒక పేజీ బడి నుంచి కొండకు పంపుతారు. దాన్ని మనుషులు చదవరు, జల్లెడ చదువుతుంది. అది మార్కులు వేసే యంత్రం. చదువురాని ఇళ్లకు ఇంకో నియమం ఉంది. పంపే పేజీని ఇంటి పెద్దకు చదివి వినిపించాలి. ఆ పెద్ద బడికి వచ్చి యంత్రంలో "విన్న, నిజమే" అని చెప్పాలి. అప్పుడే పేజీ వెళ్తుంది.

మొదటి ఏడాది నాకు నలభై ఒకటి దాటలేదు. నేను పుట్టగొడుగుల మడుల గురించి, సొరంగం గోడలు ఏ నెలలో ఎంత చెమ్మ పడతాయన్న దాని గురించి రాసేదాన్ని. పేజీ చివర 'చదువుకు అడ్డంకులు' అని ఒక గడి ఉంటుంది. నాన్న లేడని రాశాను. మా తరగతిలో స్వరూప అది చూసి పెదవి విరిచింది.

"నాయిన లేకపోవుడు సగం మందికి ఉన్నదే నీలవేణీ. జల్లెడకు అది పాతబడ్డది. కొత్త కష్టం చెప్పు."

"లేకపోతే?"

"లేకపోతే పుట్టగొడుగులు పెంచుకో."

ఆరు నెలల కింద ఆ గడిలో ఇలా రాశాను: మా అమ్మ తన వంతు చక్రం నాతో తొక్కిస్తుంది. తొక్కి వచ్చాక పుస్తకం పట్టే ఓపిక ఉండదు. అయినా చదువుతున్నాను.

ఉన్నదాన్ని తలకిందులు చేశాను, అంతే. ఉన్నది ఉన్నట్టు రాస్తే 'సాయం ఉన్న ఇల్లు' అని జల్లెడ ఇంకో నాలుగు మార్కులు కోసేది.

ఆ రోజు అమ్మ మడిలో చేతులు పెట్టి గడ్డి సర్దుతోంది. నేను పేజీ పట్టుకుని పుట్టగొడుగుల గురించి చదివాను. ఆ పేజీలో పుట్టగొడుగులు లేనే లేవు. ఒక్క తడబాటు లేకుండా చదివాను. అమ్మ తల ఊపుతూ విన్నది.

"మంచిగ రాసినవ్ బిడ్డా. మడి వాసన గూడ వచ్చినట్టయింది" అంది. చేతులు కడుక్కుని బడికి వెళ్లి "విన్న, నిజమే" అని చెప్పి వచ్చింది.

డెబ్బై ఎనిమిది వచ్చాయి. ఆ తర్వాత ఇంకో పదకొండు పేజీలు అలాగే పంపాను. ఒక పేజీలో అమ్మ నన్ను చక్రం దగ్గరికి చెయ్యి పట్టి ఈడ్చుకెళ్లిందని కూడా రాశాను. ఆమె నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్లింది ఒక్కసారే, బడిలో వేయడానికి.

జల్లెడ మార్కులు మాత్రమే వేస్తుందనుకున్నాను. అది ఎవరికైనా కబురు చేస్తుందని అనుకోలేదు. అమ్మ పేరు మీద వంతే లేకపోతే నాతో తొక్కించలేదని రక్షణ విభాగం లెక్క కాబోలు.

4

అమ్మ పేరు లేదు కనుక మారు వంతు లేదు. వారం నుంచి నా గంట నేనే తొక్కుతున్నాను. జల్లెడకు చెప్పింది ఇప్పుడు సగం నిజమైంది. సగమే. తొక్కిస్తున్నది అమ్మ కాదు.

ఇవాళ పక్క పెడలు మీద మల్లక్క అత్త కూర్చుంది. కాళ్లు ఆడుతున్నా ఆమె నోరు ఆగదు.

"మీ అమ్మ పెడలు మీద కాళ్లు పెట్టి నిద్రపోయిందట గదనే?"

"లేదత్తా."

"మరి పైనోళ్లు ఊకెనే తీస్తరా? ఏదో జేసే ఉంటది." అటు వైపు మనిషితో అంది, "ఇగ చూడు, వాళ్లింట్ల ఒకామెది ఉత్తగాలి, ఒకామెది కొండగాలి. మన గాలి ఎవరికీ పట్టది."

వరస మొత్తం నవ్వింది.

"నాకు తెల్వదత్తా" అన్నాను, ఆమె ఏమీ అడగకపోయినా.

"గట్లనా? అయితే చక్రం మాట చెప్పు."

చక్రం మాట అంటే తొక్కుతూ అందరికీ వినబడేలా చెప్పే మాట. తొక్కేటప్పుడు ఊపిరే చాలదు, ఆ కాస్త ఊపిరిని ఎవరూ అబద్ధానికి వాడరని మావాళ్ల నమ్మకం. తగాదా వస్తే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి తొక్కుతూ చెప్పమంటారు. నేను దగ్గు వచ్చినట్టు ముందుకు వంగాను. మల్లక్క అత్త గొణుగుతూనే తన నీళ్ల సీసా మూత తీసి నాకు అందించింది. తాగాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మం లోపలే ఉంది. నీళ్లకు కూడా నలుగురూ పట్టుకుని వెళ్లాకే వెళ్తోంది. నాలుగో గ్యాలరీలో పెళ్లి ఉంటే పోలేదు.

"ఎందుకు పోలేదమ్మా?"

"పదహారేండ్ల సంది మొదటి బంతిల కూసున్న. ఆఖరి బంతిల కూసుంటే అన్నం దిగది."

5

అమ్మ అర్జీ రాయమంది. పుట్టగొడుగులు పెద్దవి, చిన్నవి వేరు చేస్తూ చెప్పింది, నేను రాశాను.

"సర్దార్ గట్టయ్యకు, ఆ పైన ఉన్నోళ్లకు రాజవ్వ చెప్పేది. నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి. ఎవరన్న నొస్తున్నయని చెప్తే అది ఉత్త మాట. పదహారేండ్లల్ల నాలుగంటే నాలుగొద్దులు నాగ వెట్టిన. నా బిడ్డ పుట్టిన్నాడు ఒకటి. దాని నాయిన పోయినప్పుడు మూడు. ఏడాదిన్నర సంది నా వంతు, నా బిడ్డ వంతు రెండూ నేనే తొక్కుతున్న. తక్కువైతే ఇంకో గంట తొక్కుత. రేకు మాత్రం తీయకున్రి."

ఆగింది. "రాసినవా?"

"రాసిన."

"చదువు."

చదివాను. ఈసారి కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదివాను. నా గొంతు ఎప్పటికన్నా చిన్నగా వచ్చింది, అమ్మ గమనించలేదు.

సుగుణ టీచర్‌కు ఇచ్చి పంపమంది. ఈ అర్జీ, నా నీలం పుస్తకం వెళ్లేది ఒకే చోటికి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది. బడి గుమ్మం దాకా తీసుకెళ్లి మళ్లీ సంచిలో దాచాను.

గుమ్మంలో నన్ను చూసి టీచర్ లోపలికి పిలిచి తెర చూపించింది. ఎనభై నాలుగు. అన్ని బావుల పిల్లల్లో యంత్రాల కాలేజీ జాబితాలో నాదే మొదటి పేరు.

"ఇంక మూడు పేజీలు ఇట్లనే ఉంటే సీటు నీదే" అంది టీచర్. "మీ అమ్మ సంగతి నాకు సమజ్ కాలే నీలవేణీ. నువ్వు రాసింది తప్పని అంట లేను గని, ఆమెను చూస్తే అట్ల తొక్కిచ్చే మనిషి లెక్క అనిపియ్యది."

నేను తల వంచుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుని ఆమె నా భుజం తట్టింది.

మూడు రోజులు అమ్మ అడిగింది, జవాబు వచ్చిందా అని. మూడు రోజులూ రాలేదని చెప్పాను.

6

చెప్పేశాను.

చక్రం దిగి వచ్చేసరికి పిక్కలు పట్టేసి నిలబడలేకపోయాను. అమ్మ నన్ను కూర్చోబెట్టి కాలు ఒళ్లో పెట్టుకుని నూనె రాసింది.

"మడిమ తోటి తొక్కుతున్నవా?"

"ఏమో."

"మడిమ తోటి తొక్కితే ఇట్లనే అయితది. ఇగో, ఇక్కడ." బొటనవేలి కింద మెత్తటి చోట నొక్కి చూపించింది. "ఈడ బరువు వెయ్యాలె. నేను మొదటి ఏడు ఎవరూ చెప్పక సచ్చిన."

అంతే. నేను సంచిలో నుంచి నీలం పుస్తకం తీసి పన్నెండు పేజీల్లో ఉన్నదంతా చదివాను. ఈడ్చుకెళ్లిందన్న మాట దగ్గర ఆగాను, అది కూడా చదివాను. అయిపోయేదాకా ఆమె చేతులు నా కాలి మీదే ఉన్నాయి.

"నాకు పుట్టగొడుగులని చదివినవ్" అంది చివరికి.

"అవునమ్మా."

"నేను పోయి నిజమే అని చెప్పిన."

"అవును."

"దీనికి ఎన్ని వచ్చినయి?"

"ఇప్పుడు ఎనభై నాలుగు."

"పుట్టగొడుగులకు?"

"నలభై ఒకటి."

"నలభై ఒకటికి సీటు రాదా?"

"రాదు."

"అర్జీ?"

"పంపలేదు. నా దగ్గరనే ఉన్నది."

కాలు కిందికి దించి చేతులు తుడుచుకుంది. "మంచిపని జేసినవ్. చింపెయ్."

నాకు అర్థం కాలేదు. రేపే దిద్దుబాటు పేజీ రాస్తానని, నువ్వు వచ్చి విన్నానని చెబితే చాలునని అన్నాను. ఏ పేజీకైనా, దిద్దుబాటుకైనా, ఇంటి పెద్ద మాట కావాలి.

"నేను చెప్ప."

"అమ్మా, అందులో ఉన్నది నిజం."

"తెల్వక పన్నెండు సార్లు చెప్పిన. తెలిసి ఒక్కసారి చెప్పకుంటే ఏమైతది? ఏడాదే గద, ఇంట్ల కూసుంట. నువ్వు కొండెక్కు."

లేచి పరదాలు తడపడానికి వెళ్లింది. నీళ్లు పిండుతుంటే ఆమె వీపు నాకు కనబడుతూనే ఉంది. నేను రాసిన అబద్ధాన్ని ఇప్పుడు ఆమె తనది చేసుకుంది. నేను ఒప్పుకున్నది బరువు దించుకోవడానికి. దించి ఆమె నెత్తిన పెట్టాను.

7

ఇవాళ చక్రం మాట చెప్పాను.

సర్దార్ గట్టయ్య తాత ఇనుప కమ్మీ మీద కర్రతో తాళం వేస్తుంటాడు, దానికి సరిగ్గా అందరూ తొక్కాలి. మొదటి పావుగంట గడిచాక "చక్రం మాట చెప్తున్న" అన్నాను. కర్ర ఆగలేదు. చక్రం ఎవరి కోసమూ ఆగదు.

ముక్కలు ముక్కలుగా చెప్పాను. నా వంతు ఏడాదిన్నర మా అమ్మ తొక్కింది. ఆమె వంతు నాతో తొక్కిస్తున్నట్టు కొండకు రాశాను. మార్కుల కోసం రాశాను. అమ్మకు వేరేది చదివి వినిపించాను. రేకు తీసేసింది నా రాతను నమ్మి. ప్రతి ముక్కకూ మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చింది. ఆ ఖాళీల్లో ఎవరైనా ఏమైనా అంటారని చూశాను. పెడళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

చెప్పడం అయ్యాక ఇంకా అరగంట తొక్కాలి. తొక్కాను. మల్లక్క అత్త నా వైపు చూడలేదు. నీళ్ల సీసా ఆమె ఒళ్లోనే ఉంది.

దిగాక సర్దార్ తాత అన్నాడు, "ఇరవై ముగ్గురు విన్నరు, నేను విన్న. ఇంటి పెద్ద మాట లేకున్నా చక్రం మాట పైన చెల్లుతది. నేను పంపుత." తర్వాత అడిగాడు, "రాజవ్వకు తెలుసా?"

"తెల్వదు తాతా. వద్దన్నది."

ఆయన కర్రను గోడకు ఆనించి నిలబెట్టాడు. "ఎప్పుడూ ఆమె ఎనకనే చేస్తవా ఏందే?" అన్నాడు.

పదమూడోసారి కూడా అమ్మకు చెప్పకుండానే చేశాను. ఈసారి చెప్పింది నిజం. అది తేడా అనుకుంటున్నాను. అమ్మ కూడా అలా అనుకోవాలని ఏమీ లేదు.

8

పదిహేడు రోజులకు పైనుంచి రెండు కాగితాలు వచ్చాయి.

ఒకటి అమ్మది. పేరు తిరిగి పెట్టాలి. సర్దార్ తాత పాత మేకునే కొట్టి రేకు తగిలించాడు. అమ్మ వెళ్లి తన గంట తొక్కి చెమటతో వచ్చింది.

రెండోది నాది. నీలం పుస్తకం రద్దు. రెండేళ్ల మార్కులు ఏవీ లెక్కలోకి రావు. కావాలంటే కొత్త పుస్తకంతో, ఆలస్యంగా చేరేవాళ్లకు ఉండే పదకొండో తరగతి వరసలో మళ్లీ మొదలు పెట్టవచ్చు. తొమ్మిదిలో మొదలు పెట్టినవాళ్లకు నలభై సీట్లు. పదకొండు వరసకు అన్ని బావులకూ కలిపి అయిదు.

ఆ కాగితం చదివి వినిపించిన రోజు నుంచి అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెడుతుంది, నీళ్లు పెడుతుంది. నాకు మారు వంతు మళ్లీ తొక్కడం లేదు. నా గంట నేనే తొక్కుతున్నాను, బొటనవేలి కింద బరువు వేసి. ఆమె కోపం అబద్ధానికి కాదని నాకు తెలుసు. రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదిన్నర తన కాళ్లతో కొనిపెట్టిన సీటును నేను తనను అడగకుండా వదిలేశాను. అది ఆమె సీటు కూడా.

స్వరూప ఒకటే అంది. "నువ్వు చెప్పకుండ ఉండవలసింది." తన పుస్తకం సంచిలో ఇంకాస్త లోపలికి తోసుకుంది.

తొమ్మిదో రోజు మడిలో గడ్డి మారుస్తూ అమ్మ నా వైపు చూడకుండా అంది, "నలభై ఒకటి వచ్చే పుస్తకం ఎప్పుడు మొదలువెడ్తవ్?"

"రేపు" అన్నాను.

9

కొత్త పుస్తకంలో మొదటి పేజీ రాశాను. పుట్టగొడుగుల గురించి కాదు. చక్రం గురించి, పెడలు ఏ కోణంలో ఉంటే పిక్క పట్టేయదో దాని గురించి, అది నాకు ఎవరు నేర్పారో దాని గురించి. కింద గడిలో 'అడ్డంకులు లేవు' అని రాశాను. దాని కింద అమ్మ గురించి నాలుగు వాక్యాలు రాశాను.

అమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించాను. అక్షరం మార్చలేదు. మొత్తం విన్నది. తర్వాత చేయి చాపి పుస్తకం నా చేతిలో నుంచి తీసుకుంది.

"నడువు."

"యంత్రం దగ్గరికా?"

"టీచరమ్మ దగ్గరికి."

బడిలో సుగుణ టీచర్ ఒక్కతే ఉంది. అమ్మ పుస్తకం ఆమె ముందు పెట్టింది. "ఇందుల ఏమున్నదో నాకు చదువు టీచరమ్మా. ఇది చదివింది గని, నువ్వొకసారి చదువు."

టీచర్ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె చదవడం మొదలుపెట్టింది. నేను చదివినప్పుడు అమ్మ పుస్తకం వైపు చూసింది. ఇప్పుడు నా ముఖం చూస్తోంది. టీచర్ ఒక్కో వాక్యం దాటుతుంటే ఆమె నా కళ్లలో దాన్ని సరిచూసుకుంటోంది. ఇకమీదట ప్రతి పేజీకీ ఇంతేనని నాకు అర్థమైంది.

టీచర్ చివరి వాక్యాలకు వచ్చింది. "మా అమ్మ నా వంతు ఏడాదిన్నర తొక్కింది. ఆమెకు నేను అన్యాయం చేశాను. అయినా నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు."

"ఆగు టీచరమ్మా" అంది అమ్మ. "గది అబద్ధం."

"ఏది?"

"మాట అనలేదన్నది. అన్న. తొమ్మిదొద్దులు రోజూ లోపల తిట్టుకున్న, గిన్నెలకు చెప్పుకున్న. చిన్నప్పుడు ఒకసారి కొట్టిన గూడ. కొట్టెయ్యుమను ఆ ముక్క."

"అమ్మా, మంచి మాటే గదా" అన్నాను.

"మంచిదని ఎవరడిగిన్రు నిన్ను?"

టీచర్ కలం నాకు అందించింది. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాను. అమ్మ పుస్తకం తీసుకుని ఆ గీతను వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూసింది, మధ్యలో ఎక్కడైనా తెగిందేమోనన్నట్టు. తిరిగి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు మల్ల మొదటి సంది చదువు టీచరమ్మా" అంది.